అడవిలో దప్పిక

ఈ మాసము వంటింటి ముచ్చటలు విడిచి, మిమ్ము లంకమల అడవికి గొనిపోవ దలచితిని. అచ్చట నేను నేర్చిన పాఠము మన యిండ్లకు సంబంధించినదే.

మాది ప్రొద్దుటూరు. పుష్యమాసమున మా వారు తమ విద్యార్థులను ఇరువదిమందిని అడవి చూపుటకు తీసికొనిపోవ సంకల్పించిరి. వారిలో జమ్మలమడుగునుండియు, పులివెందులనుండియు వచ్చి, ఇచ్చట బంధువులయిండ్ల నుండి చదువుకొనువారును కలరు. బాలికలు ఆఱుగురు. పులివెందుల బాలిక తల్లి మా యింటికి వచ్చి, “మా ఊరికి పులులమందలు తిరిగినందుకే ఆ పేరొచ్చిందంటారు. ఆడపిల్లకు అడవిలో ఏం పని అక్కా?” అనెను. “నేను వెంట నుందును, పంపుము” అంటిని. సందేహించుచునే యొప్పుకొనెను.

అటవీశాఖవారి అనుమతి పొంది, వారి కావలివాడు దారి చూపగా, మైదుకూరు దాటి బద్వేలు తట్టున కొండనెక్కితిమి. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద అరణ్యపర్వము చదివినప్పుడు, అడవి యన నెల్లప్పుడును పచ్చగా నుండునని తలచితిని. ఇది అట్టిది కాదు. వానకాలమున చిగిర్చి, ఎండలు ముదిరినకొలది ఆకు రాల్చి, నీటిని పొదుపుచేసికొను అడవి. గండికోట లోయ నెఱిగిన జమ్మలమడుగు బాలురు ముందుగా పరుగులిడిరి.

రక్తచందన మను మాటను కావ్యములలో నెన్నిసారులో చదివితిని గాని, కావలివాడు చూపువఱకు ఆ చెట్టు నెఱుగను. మొసలివీపువలె నెఱ్ఱెలు వాఱిన నల్లని బెరడు, మూడేసిగా నున్న ఆకులు, గాటుపడినచోట నెత్తుటివంటి రసము. ఈ తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప మఱెచ్చటను ఇది సహజముగా పెరుగదు.

కొండదిగువ ముండ్లపొదలలో నుండు కలివికోడి కథయు పిల్లలకు మా వారు చెప్పిరి. 1848లో జెర్డన్ అను వైద్యుడు ఆ పక్షిని శాస్త్రజ్ఞులకు తెలిపెను. 1900 తరువాత అది కానరాక, నశించెనని పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, ఇచ్చటి పల్లెవారి సాయమున దానిని మఱల కనుగొనిరి. దాని నివాసమును కాపాడుటకు తెలుగుగంగ కాలువ దారిని సైతము మార్చిరి.

ఆ కథ ముగిసి నాలుగడుగులు వేసితిమో లేదో, పులివెందుల బాలిక చతికిలబడెను. పెదవు లెండి, మోము పాలిపోయియుండెను. ఆమె నీళ్లసీసా తీసి చూచితిని. ఉదయము నింపినది నింపినట్లే యున్నది!

“నీళ్లుండగా త్రాగవేమి తల్లీ?” అని యడిగితిని.

ఆమె నా చెవిలో, “తాగితే మల్ల పక్కకు పోవాల గదమ్మా. మగపిల్లోళ్లు ఉండారు. తాగొద్దని మాయమ్మ చెప్పింది” అనెను.

తక్కిన యైదుగురి నడిగితిని. వారిలో నలుగురు అట్లే చేసిరి. అప్పుడు నా సీసాను చూచుకొంటిని. అదియు ముప్పాతిక నిండియే యున్నది. నాకు చెప్పినవారెవరును లేరు. ముప్పదియేండ్ల అలవాటు చెప్పినది.

బాలురను కావలివానితో ముందునకు పంపించి, బాలికను నీడన పరుండబెట్టి, ఉప్పు చక్కెర కలిపిన నీరు కొంచెము కొంచెముగా త్రాగించితిని. మూట కట్టిన పాతచీరను విప్పి, రెండుచెట్లకు కట్టి చాటు చేసితిని. పిమ్మట అందఱమును కడుపార నీరు త్రాగితిమి. అరగంటకు ఆమె లేచి నడచెను. మా వారు, “దారిని గూర్చి, పాములను గూర్చి విచారించితిని గాని, దీనిని తలపనైతిని” అని నొచ్చుకొనిరి. “మీకు తోచదు. మేము చెప్పవలసినది” అంటిని.

ఇది అడవిలోని మాట మాత్రమే కాదు. బస్సు ప్రయాణములలో, పెండ్లి విడుదులలో, మరుగుదొడ్డి సరిగా లేని బడులలో మన బిడ్డలు దప్పికతోనే కాలము గడుపుచున్నారు. నీరు త్రాగక, అవసరము నాపుకొనుటచే శోషయు, తలనొప్పియు, మూత్రకోశ వ్యాధులును కలుగును. కావున బిడ్డను పంపునపుడు నిండుసీసాతోపాటు ఉప్పు చక్కెర పొట్లము, పాతచీర యొకటి మూటలో నుంచుడు. బాలికలవెంట పెద్దామె యొకతె యుండునట్లు చూడుడు. ఎచ్చటెచ్చట నాగుదురో, అచ్చట చాటు కలదో లేదో ఉపాధ్యాయులను ముందే యడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలదు.

తిరిగివచ్చిన మఱునాడు ఆ తల్లికి జరిగినదంతయు చెప్పితిని. ఆమె చాలసేపు తల వంచుకొని, “నేనూ అట్లనే పెరిగినాను అక్కా” అనెను. పిదప, “ఈసారి ఎప్పుడు పోతారు?” అని యడిగెను.