మావారి కొత్త పిస్టల్

మావారు నెల రోజులు చూసీ చూసీ ఒక .22 పిస్టల్ కొన్నారు, రూగర్ మార్క్ ఫోర్. ఇక్కడ టెక్సస్‌లో ఇదేం వింత కాదు లెండి. "నువ్వూ ఒకసారి కాల్చి చూడు, ఆ తర్వాత తిట్టు" అంటే శనివారం షూటింగ్ రేంజికి వెళ్ళాను.

చెయ్యి విరుగుతుందేమో అనుకున్నా. గారెల పిండి రుబ్బేటప్పుడు మిక్సీ అదిరినంత కూడా అదరలేదు! మ్యాగజైన్‌లో 10 తూటాలు, 7 కాగితం మీదే పడ్డాయి. నిజం చెప్పొద్దూ, సరదాగా అనిపించింది. ఇంకో 10 అడిగి మరీ కాల్చాను.

నా భయం అక్కడే మొదలైంది. తూటా మొన శనగగింజంత. డబ్బా మీదేమో మైలున్నర దూరం దాకా ప్రమాదమని రాసి ఉంది. పెద్ద తుపాకీ అయితే వెనక్కి తన్ని తన సంగతి తనే చెప్తుంది. ఇది చెప్పదు. 13 ఏళ్ళ మావాడి చేతికి ఇది బొమ్మలాగే ఉంటుంది.

"చిన్నదేగా, బీరువాలో పెడదాం" అన్నారు. నేనొప్పుకోలేదు. చిన్నది కాబట్టే తాళం పెట్టె కావాలి, తూటాలు వేరే గదిలో ఉండాలి, అంతవరకూ ఇంట్లోకి రానివ్వను అన్నాను. మొహం మాడ్చుకున్నారు గానీ, వచ్చే దార్లోనే పెట్టె కొన్నారు.