శరణార్థులు తాకట్టు సొత్తా?

2023 అక్టోబరు 3న పాకిస్థాన్ ఆపద్ధర్మ ప్రభుత్వం ఒక గడువు విధించింది. పత్రాలు లేని విదేశీయులందరూ నవంబరు 1లోగా దేశం విడిచిపోవాలన్నది. అధికారుల లెక్కలోనే అట్టి ఆఫ్ఘన్లు 17 లక్షల మంది. వారిలో పలువురు పాకిస్థాన్ గడ్డపైనే పుట్టినవారు. తోర్ఖమ్, చమన్ దారుల్లో లారీలు బారులు తీరాయి. వెళ్లేవారు 50 వేల రూపాయలకు మించి నగదు తీసుకుపోరాదని ఆంక్ష పెట్టారు.

ఇది కేవలం చట్టం అమలేనన్న వాదనను నవంబరు 8న ఆపద్ధర్మ ప్రధాని అన్వారుల్ హక్ కాకరే తోసిపుచ్చారు. తెహ్రీక్-ఇ-తాలిబాన్ ముష్కరులను కాబూల్ అదుపు చేయనందునే ఈ నిర్ణయానికి వచ్చినట్లు ఆయన బాహాటంగా చెప్పారు. పాకిస్థాన్ ఫిర్యాదు నిరాధారం కాదు. ఆ దాడుల్లో నెత్తురు చిందిన మాట నిజం. అయితే అత్త మీద కోపం దుత్త మీద చూపడం రాజనీతి ఎలా అవుతుంది? 2021 ఆగస్టు తరువాత తాలిబన్లకు భయపడి పారిపోయి వచ్చినవారిని తిరిగి తాలిబన్లకే అప్పగిస్తే, శిక్ష పడేది ఎవరికి? ఆడపిల్లలకు ఆరో తరగతి దాటి చదువు లేకుండా చేసిన పాలకులు, నిర్వాసితుల కన్నీటికి కరుగుతారా? కరగలేదు. 2025 అక్టోబరులో రెండు దేశాల సేనలే సరిహద్దులో తలపడ్డాయి.

ఇస్లామాబాద్‌ను నిందించి తృప్తిపడే అర్హత ఢిల్లీకి లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు పొట్టనబెట్టుకున్న పిమ్మట భారత్ పాకిస్థానీల వీసాలను రద్దు చేసింది. పాకిస్థాన్ అదే పని చేసింది. తల్లిది ఒక దేశపు పాస్‌పోర్టు, బిడ్డలది మరొక దేశానిది అయిన కుటుంబాలు అట్టారి వద్ద చీలిపోయాయి. హంతకులతో ఆ తల్లులకేం సంబంధం? 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై ఈ రెండు దేశాలూ నేటికీ సంతకం చేయలేదు.

విదేశీయుణ్ణి విచారించి, అర్హత లేదని తేలితే పంపివేసే అధికారం ప్రతి రాజ్యానికీ ఉంది. దానిని బేరం నుంచి వేరుచేసే గీటురాయి ఒక్కటే: పొరుగు ప్రభుత్వం రేపు దారికి వస్తే ఈ ఉత్తర్వు రద్దవుతుందా? అవుతుందంటే, వెళ్లగొట్టబడుతున్న మనిషి చేసిన నేరమేదీ లేదని రాజ్యమే ఒప్పుకున్నట్లు. బందీలను అడ్డుపెట్టుకుని షరతులు విధించే ఉగ్రవాదిని ఖండించే ప్రభుత్వాలు, తామూ అదే సూత్రాన్ని రాజముద్రతో అమలు చేయడం సిగ్గుచేటు.