అందింది వేరు, అయింది వేరు

ఏ కచేరీకి వెళ్లినా మనకు ముందుగా ఎదురయ్యేవాడు ఇన్‌వర్డు గుమాస్తా. అర్జీ పుచ్చుకుంటాడు, పుస్తకంలో ఎక్కిస్తాడు, నంబరు వేస్తాడు, ముద్ర కొట్టి చీటీ మన చేతిలో పెడతాడు. మనం గుండెలమీద చెయ్యివేసుకుని యింటికి వస్తాం. "పని అయిందా?" అని ఆవిడ అడుగుతుంది. "అందింది" అంటాం. ఈ రెండు మాటల మధ్యా ఎంత దూరం వున్నదో పింఛనుకోసం తిరిగినవారికీ, పట్టాకోసం తిరిగినవారికీ నేను చెప్పనక్కరలేదు.

ఈ వారం నేను ముచ్చటించదలచింది కంప్యూటరు లోపల కూర్చున్న ఇన్‌వర్డు గుమాస్తాను గురించి. నన్నయ తిక్కనలను చెప్పుకు బతికే మేష్టారికి యీ గొడవ దేనికని మీరు నవ్వుకోవచ్చు. కాని, పైథాన్ భాష నేర్చిన కొడుకో, కూతురో, మేనల్లుడో లేని మధ్యతరగతి యిల్లు యివాళ ఎక్కడ వున్నది చెప్పండి? అలాంటి పిల్లలు వ్రాసిపెట్టిన ఏర్పాట్లమీదనే మన పిల్లల పరీక్ష దరఖాస్తులూ, మన టిక్కెట్లూ, మన బ్యాంకు కాగితాలూ నడుస్తున్నాయి. వాళ్లు చేసే పని ఎలాటిదో పెద్దవాళ్లం కాస్త తెలుసుకుని వుంటే మంచిది గదా.

మొన్న వేసవి సెలవులకు సీలేరు వెళ్లాను. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో, ఒడిశా సరిహద్దు నానుకుని, అడవి మధ్య వున్న వూరు అది. మా చెల్లెల్ని యిచ్చిన బావగారు అక్కడి విద్యుత్కేంద్రంలో పనిచేస్తారు. వారమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం. యింటినుంచే పని చేసుకోమని నెలరోజులు వెసులుబాటు యిస్తే తల్లి దగ్గరికి వచ్చింది. తీరిక వేళల్లో మైదానంలోని ఒక కళాశాలకు, ప్రవేశాల దరఖాస్తులు పుచ్చుకునే వెబ్ అప్లికేషన్ ఒకటి వ్రాసి యిచ్చింది. జాంగో అనే పైథాన్ చట్రంమీద కట్టింది. ఈ జాంగో పుట్టింది పత్రికా కార్యాలయంలోనే సుమా! అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ అనే వూళ్లో, ఒక దినపత్రిక వారి పనికోసం మొదలుపెట్టి, 2005లో లోకానికి ధారపోశారు.

నేను వెళ్లేసరికి అమ్మాయి దిగులుగా వున్నది. విద్యార్థి దరఖాస్తు నింపి 'పంపు' అనే మీట నొక్కగానే, ఫోటో కుదించాలి, మార్కుల జాబితా సరిచూడాలి, పీడీఎఫ్ కాగితం తయారుచేయాలి, కళాశాలకు ఈమెయిలూ విద్యార్థికి ఎస్సెమ్మెస్సూ పంపాలి. ఇదంతా పూర్తయ్యేదాకా విద్యార్థి తెర చూస్తూ నిలబడవలసిందే. కొండమీది వూరినుంచి ఒక గిరిజన బాలిక, తండ్రిని వెంటబెట్టుకుని, సెల్లుకు సిగ్నలు తగిలే మలుపుదాకా నడిచివచ్చి మీట నొక్కింది. తెరమీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మొత్తం నాలుగుసార్లు నొక్కింది. కళాశాల పుస్తకంలో నాలుగు దరఖాస్తులు పడ్డాయి. పిల్ల ఫోనుకు మాత్రం ఒక్క కబురూ రాలేదు. మర్నాటితో గడువు ఆఖరు. "అందిందా అమ్మా?" అని తండ్రి అడిగితే ఆ పిల్ల ఏమని చెబుతుంది? తరువాత కళాశాలవారు ఒకటి వుంచి మూడు కొట్టివేశారు గాని, ఆ రాత్రి ఆ యింట్లో ఎవరికీ నిద్ర పట్టి వుండదు.

"ఇలా ఎందుకయిందే?" అన్నాను.

"కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు కొద్దిమంది మామయ్యా" అన్నది. గునికార్న్ అనే సర్వరులో ముగ్గురు పనివాళ్లను పెట్టిందట. ఒక్కొక్కడు ఒకసారికి ఒక్కరి పనే చూస్తాడు. ముగ్గురూ పీడీఎఫ్‌లు చేస్తూ కూర్చుంటే నాలుగోవాడికి కిటికీ మూసివున్నట్టే. పైగా, పనివాడు 30 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా వుంటే, వాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి కూర్చోబెడుతుంది ఆ సర్వరు. మనం వేరే చెప్పకపోతే దాని పద్ధతి అది. వాడి చేతిలోని పని సగంలో పోతుంది.

"మరి కచేరీ గుమాస్తా అర్జీ పుచ్చుకుని, అక్కడికక్కడే విచారణ జరిపి, ఉత్తర్వు వ్రాసి, సంతకం పెట్టించి యిస్తాడుటే? చీటీ యిచ్చి పంపేస్తాడు. మిగతాది లోపలివాళ్ల పని."

"నేనిప్పుడు చేస్తున్నది అదే మామయ్యా. టాస్క్ క్యూ అంటారు దాన్ని."

పనుల వరస అన్నమాట. ఇందులో ముగ్గురుంటారు: పని అప్పగించేవాడు, చీటీలు దాచేవాడు, పని చేసేవాడు. అప్పగించేది వెబ్ అప్లికేషన్. చీటీలు దాచేందుకు రెడిస్ అనో రాబిట్ ఎమ్‌క్యూ అనో వేరే సరంజామా వున్నది. పనివాళ్లను నడిపించేది సెలరీ. ఇది కూరగాయ పేరే గాని, పైథాన్ ప్రపంచంలో 2009లో ఆస్క్ సోలెమ్ అనే ఆయన మొదలుపెట్టిన ఏర్పాటు. 2025 డిసెంబరులో వచ్చిన జాంగో 6.0లో పనులను వరసలో వేసే వీలు చట్రంలోనే చేర్చారు. అయినా ఆ పని చేసిపెట్టే పనివాణ్ణి మాత్రం మనం బయటినుంచి తెచ్చుకోవలసిందే.

బావగారు అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, కాఫీ తాగుతూ విన్నారు. "ఇందులో కొత్తేముంది బావగారూ? మా జలాశయం కథేగా!" అన్నారు.

నిజమే. ఆ కొండల్లో నీళ్ల ప్రయాణం చూడవలసిన ముచ్చట. జలపుట్‌లో నిలిచిన నీరు మాచ్‌ఖండ్ యంత్రాలు తిప్పి బలిమెల జలాశయం చేరుతుంది. అక్కడినుంచి మన వాటా సీలేరు వస్తుంది. ఎగువ సీలేరులో 60 మెగావాట్ల యంత్రాలు నాలుగు తిప్పుతుంది. తరువాత డొంకరాయి, ఆ తరువాత పొల్లూరు. ఒక కేంద్రం వదిలిన నీరే మరొక కేంద్రానికి తిండి. వాన తన యిష్టం వచ్చినప్పుడు కురుస్తుంది. జనం దీపాలు తమకు కావలసినప్పుడు వేసుకుంటారు. రెంటికీ మధ్య జలాశయం వున్నది గనక, వాన ఎంత జోరుగా వున్నా యంత్రం తన జోరునే తిరుగుతుంది.

"కాని అమ్మాయీ, ఒకటి గుర్తుపెట్టుకో" అన్నారు బావగారు. "జలాశయం వాయిదా వేస్తుందేగాని నీటిని మాయం చెయ్యదు. వచ్చే నీరు వెళ్లే నీటికన్న రోజూ ఎక్కువైతే, ఎంత ఆనకట్ట కట్టినా ఏదో ఒకనాడు గేట్లెత్తవలసిందే. నీ పనివాళ్లెంతమంది?"

దీనికి లెక్క వున్నది. కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు, ఫోనుకోసం కాచుకునేవాళ్ల లెక్కను 1909లోనే మొదలుపెట్టాడు. రాబిట్ ఎమ్‌క్యూ వ్రాసిన కంప్యూటరు భాష పేరు కూడా ఎర్లాంగే. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఒక సూత్రం నిరూపించాడు: నిమిషానికి ఎన్ని వస్తున్నాయో, ఒక్కొక్కటి ఎంతసేపు వుంటుందో గుణించితే, సగటున ఒకసారికి లోపల ఎన్ని వుంటాయో తేలుతుంది. నిమిషానికి 20 దరఖాస్తులు వచ్చి, ఒక్కొక్కదానికి 12 సెకన్లు పట్టితే, ఎప్పుడు చూసినా నాలుగు పనులు చేతిలో వుంటాయి. సరిగ్గా నలుగురినే పెడితే వాళ్లకు ఊపిరి సలపదు. రాకలో కాస్త హెచ్చుతగ్గులు వచ్చినా వరస పెరిగిపోతుంది. అమ్మాయి ఆరుగురిని పెట్టింది.

అంతటితో అయిందనుకున్నాం. కాని బావగారు విద్యుత్కేంద్రంలో ఆరితేరిన మనిషి. ఏది ఎక్కడ ఆగిపోతుందా అన్నదే ఆయన ఆలోచన.

"చీటీలు దాచేవాడున్నాడే, కరెంటు పోతే వాటి గతేమిటి?"

రెడిస్ చీటీలను జ్ఞాపకంలో వుంచుకుంటుంది. అప్పుడప్పుడు డిస్కుమీదికి నకలు తీస్తుంది. నకలుకూ నకలుకూ మధ్య కరెంటు పోతే ఆ మధ్య వచ్చిన చీటీలు గంగపాలు. అపెండ్ ఓన్లీ అనే అమరిక పెడితే ప్రతిదీ చిట్టాలోకి ఎక్కుతూ వుంటుంది. మామూలు పద్ధతిలో పోతే సుమారు ఒక్క సెకను చీటీలు పోతాయి. అమ్మాయి అది పెట్టింది. దరఖాస్తు అసలు ప్రతి ఎలాగూ డేటాబేసులో వుండాలి. చీటీమీద దాని నంబరు మాత్రమే వుండాలి. ఇంకొక సూక్ష్మం: డేటాబేసులో ఎక్కడం ఖాయమైన తరువాతనే చీటీ వెయ్యాలి. తొందరపడి ముందే వేస్తే, లోపలి పనివాడు పుస్తకం తిరగేసి "ఇటువంటి అర్జీయే లేదు పొమ్మం"టాడు. జాంగోలో దీనికి ఆన్ కమిట్ అనే సదుపాయం వున్నది.

"పనివాడు చీటీ పుచ్చుకుని సగంలో పడిపోతే?"

ఇక్కడ నేను ఉలిక్కిపడ్డాను. సెలరీ మామూలు పద్ధతిలో, పని మొదలుపెట్టే ముందే చీటీ చింపేస్తుందట! మధ్యలో పనివాడు పోతే ఆ పని సంగతి ఇక ఎవరికీ తెలియదు. యాక్స్ లేట్ అనే అమరిక పెడితే, పని పూర్తయినాకనే చీటీ చింపుతుంది. పనివాడు హఠాత్తుగా చచ్చినప్పుడు చీటీ తిరిగి వరసలోకి రావాలంటే, రిజెక్ట్ ఆన్ వర్కర్ లాస్ట్ అనే రెండో అమరిక కూడా వుండాలి. అంతేకాదు, రెడిస్‌తో పెట్టుకున్నప్పుడు, గంటలోపల పని అయిందని కబురు రాకపోతే అదే చీటీని మరొకడికి యిస్తుంది.

"అయితే ఒకే పని రెండుసార్లు జరగవచ్చునన్నమాట" అన్నాను.

జరగవచ్చు. అంచేత రెండుసార్లు చేసినా ఒకసారి చేసినట్టే వుండేలా పని వ్రాసుకోవాలి. ఒక విద్యార్థికి ఒక సంవత్సరం ఒకే దరఖాస్తు అని డేటాబేసుకే కట్టడి పెట్టింది అమ్మాయి. ఆ బాలిక నాలుగుసార్లు నొక్కినా ఇకమీద ఒకటే పడుతుంది. నాలుగుసార్లూ అదే రసీదు నంబరు వస్తుంది. ఎస్సెమ్మెస్ పంపేముందు, యిదివరకు పంపామా అని పుస్తకం చూస్తుంది.

ఎస్సెమ్మెస్‌లకు ఒక వరస, పీడీఎఫ్‌లకు ఒక వరస వేరుచేసింది. రిజిస్ట్రారు కచేరీలో క్రయదస్తావేజు వెనుక స్టాంపు కాగితం కొనేవాడు నిలబడితే ఎలా వుంటుందో మనకు తెలుసు. సెలరీ పనివాడు, మనం చెప్పకపోతే, నాలుగేసి చీటీలు ముందే జేబులో వేసుకుంటాడట. పెద్దపని వాడి చేతిలో వుంటే మిగతావి జేబులోనే మగ్గుతాయి. ఆ నాలుగును ఒకటి చేసింది.

"ఎస్సెమ్మెస్ కంపెనీ వాళ్లు పలక్కపోతే?"

మళ్లీ ప్రయత్నించాలి. అలా ప్రయత్నించమని చెప్పిన పనిని, వేరే లెక్క యివ్వకపోతే, 180 సెకన్ల ఎడంతో మూడుసార్లు ప్రయత్నించి వదిలేస్తుంది. ఎడం పెంచుకుంటూ పోవచ్చు. అందరూ ఒకేసారి మళ్లీ తలుపు తట్టకుండా, ఆ ఎడాన్ని అటూ యిటూ కొంచెం చెదరగొట్టవచ్చు.

"అప్పటికీ కాకపోతే?"

అమ్మాయి మాట్లాడలేదు. బావగారు కప్పు కింద పెట్టారు. "మా దగ్గర యంత్రం ఆగితే గంట మోగుతుందమ్మా. నీ దగ్గర ఎవరి చెవిలో మోగుతుంది?"

ఆ సాయంత్రమంతా ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచింది. మూడుసార్లూ తప్పిన పనులకు వేరే పట్టీ పెట్టింది. రోజూ పొద్దున్నే ఆ పట్టీ కళాశాల గుమాస్తాకు వెళుతుంది. రసీదు నంబరు కొట్టి చూసే పుటలో నాలుగు మాటలు పెట్టింది: అందింది, జరుగుతున్నది, అయింది, కాలేదు. 'కాలేదు' కింద ఎవరికి ఫోను చెయ్యాలో నంబరు. "ఆ నాలుగో మాట లేకపోతే మొదటిమాటకు విలువ లేదు మామయ్యా" అని తనే అన్నది.

నాకు తోచిందీ అదే. వరస పెట్టుకోవడం తప్పు కాదు. లోకంలో ఏ పనీ వరస లేకుండా సాగదు. కిటికీ దగ్గర క్షణంలో 'అందింది' అని చెప్పడం మంచిదే. సిగ్నలు కోసం కొండ దిగిన పిల్లకు అది పెద్ద ఉపకారం. కాని ఆ మాట అన్నవాడు పని అయ్యేదాకా పూచీ పడాలి. కాకపోతే కాలేదని ఆ పిల్లకు తెలియజెప్పాలి.

అంచేత, పాఠకులారా, మీ యింట్లో యిటువంటి పని చేసే అబ్బాయో అమ్మాయో వుంటే, ఈ ఆదివారం భోజనాలయ్యాక నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. నీ చీటీలు కరెంటు పోయినా వుంటాయా? పనివాడు పడిపోతే పని మిగులుతుందా? ఒకే పని రెండుసార్లు జరిగితే ఎవరికైనా నష్టమా? పని కాకపోతే ఎవరికి తెలుస్తుంది? మొదటి మూడూ టకటకా చెప్పేస్తారు. నాలుగోదానికి ఆలోచనలో పడితే తొందరపెట్టకండి. ఇంకో కప్పు కాఫీ యిచ్చి పక్కనే కూర్చోండి.