పచ్చని దడి... పదికాలాలు!

ప్రహరీ ఎత్తు పెంచితే గాలి రాదు. పెంచకపోతే వాకిట్లో చాటుండదు. అలాంటప్పుడు చాలామందికి గుర్తొచ్చేది థూజా. నర్సరీల్లో మోర్‌పంఖీ అంటారు. ఏడాది పొడవునా పచ్చగా, కింది నుంచి పైదాకా నిండుగా ఉంటుంది. కాకపోతే నల్గొండ, పాలమూరు ఎండల్లో అది నిలవాలంటే కొన్ని మెలకువలు తెలియాలి.

చల్క నేల నీటిని ఎంత త్వరగా తాగుతుందో అంత త్వరగా వదిలేస్తుంది. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు లోతుకు దిగవు. వారానికి రెండుసార్లయినా అడుగు లోతు తడిసేలా పెట్టండి. మొదళ్ల చుట్టూ ఎండుటాకులో, పల్లీ పొట్టో పరిస్తే తేమ ఆరిపోదు. రేగడి నేలైతే నీరు నిలవకుండా చూడాలి, లేదంటే వేళ్లు కుళ్లుతాయి.

లోపలి పాత ఆకులు గోధుమరంగుకు తిరిగి రాలడం సహజమే. బయటి కొసలు ఎండుతుంటేనే జాగ్రత్తపడాలి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టండి. కదిలే చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి పట్టినట్టే. ఉదయం పూట ఆకులపై నీటిని గట్టిగా కొడితే చాలావరకు తగ్గుతుంది.

కత్తిరింపులోనే అసలు చిక్కు. థూజాకు ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు, ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. పచ్చని కొసలు మాత్రమే, అదీ తొలకరి పడ్డాక కత్తిరించాలి. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంచితే కింది కొమ్మలకూ ఎండ తగులుతుంది.

మరి నీళ్లు? ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లే. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు అల్లాడిన నల్గొండలో మంచినీటి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. తాగడానికి వచ్చే నల్లా నీటిని దడికి మళ్లించడం న్యాయం కాదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు వాడుకోండి. వానాకాలంలో డాబా మీది నీటిని మొక్కల వరుస వెంట తీసిన కాలువలోకి వదలండి.

అన్ని నీళ్లు కూడా కష్టమనుకుంటే థూజా జోలికి పోకపోవడమే మేలు. గోరింట ఉంది, వావిలి ఉంది. రెండూ నాటుకున్నాక తక్కువ నీటితోనే బతుకుతాయి. మొదలు దాకా నరికినా చిగురిస్తాయి. పైగా గోరింట దడికి ఆషాఢంలో కత్తెర పట్టే పనుండదు. ఇరుగుపొరుగు ఆడపిల్లలే వచ్చి కొసలన్నీ తుంచుకుపోతారు!