పొడికళ్లే నేరానికి సాక్ష్యం కారాదు

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ



బాల న్యాయ చట్టం–2015లోని 15వ సెక్షన్ ప్రకారం, ఘోర నేరారోపణ ఎదుర్కొంటున్న పదహారేళ్లు నిండిన బాలుడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలను గ్రహించే శక్తిని బాలల న్యాయ మండలి ప్రాథమికంగా మదింపు చేస్తుంది. అక్కడ కంట తడి లేకుండా, తొణకకుండా నిలబడిన పిల్లవాడిని ‘కరడుగట్టినవాడు’ అనుకోవడం సులువే గానీ, శాస్త్రం చెప్పేది అంత సూటిగా లేదు.

ఇతరుల బాధకు చలించకపోవడం, అపరాధభావన లోపించడం వంటి నిర్దయ, భావశూన్య లక్షణాలున్న పిల్లల్లో, బెదిరిన ముఖాన్ని చూసినప్పుడు, భయాన్ని పసిగట్టే మెదడు భాగమైన అమిగ్డలా మందకొడిగా స్పందిస్తున్నట్లు స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. వేళ్లకు తగిలించిన ఎలక్ట్రోడ్లు కొలిచే చెమట స్పందన కూడా వీరిలో చాలాసార్లు తక్కువగానే కనిపించింది. అయితే హింసను చవిచూసిన పిల్లలు లోపల ఆందోళనతో ఉడికిపోతూనే పైకి ఇలాగే బిగుసుకుపోగలరు. పైగా 2006లో ఆస్ట్రేలియా పరిశోధకుడు మార్క్ డాడ్స్ బృందం, ఇలాంటి బాలురకు ఎదుటి ముఖంలోని కళ్లవైపు చూడమని చెప్పగానే, భయాన్ని గుర్తించడంలో వారి లోపం తాత్కాలికంగా తొలగిపోవడం గమనించింది.

కనుక మండలి సభ్యులకు మనస్తత్వశాస్త్ర అర్హత లేనప్పుడు నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి జిల్లాలో అమలు చేయించాలని, ‘సైకోపాత్’ అన్న ముద్ర ఏ బాలుడి నివేదికలోనూ పడకుండా చూడాలని, ముద్రకు బదులు చికిత్స అందించాలని సవినయ మనవి.

ఇట్లు,
బాలల శ్రేయోభిలాషులు