ట్రాక్టరు చక్రాలను తిప్పేదెవరు?

పిల్లలూ, కల్హేర్ దగ్గర నల్లవాగు నీరు పారే మళ్ళలో పాత చిన్న ట్రాక్టరును మలుపు తిప్పటం చూశారా? డ్రైవరుకు భుజాలు లాగేస్తాయి. ముందుచక్రం రాయికి తగిలిందా, స్టీరింగు గిర్రున తిరిగి బొటనవేలిని విరగగొట్టగలదు!

అటువంటి బండికి కూడా పవర్ స్టీరింగు బిగించవచ్చు. ఇంజను ఒక చిన్న పంపును తిప్పుతుంది. పంపు గొట్టంలోకి నూనెను నెడుతుంది. ఆ నూనె సిలిండరులోని పిస్టనును తోస్తే చక్రాలు తిరుగుతాయి. నూనె ఎటు పోవాలో చెప్పటమే మన చేతి పని. 1926లో అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు దీన్ని కారుకు అమర్చి చూపాడు.

ఇంజను ఆగిందా, మళ్ళీ బరువే. ఇంకొక సంగతి: ఇదివరకు చెయ్యి నొచ్చి ఆగేది. ఇప్పుడు చేతికి బరువు తెలియదు గనక, నిలబడి ఉన్న బండి చక్రాలను బలవంతాన తిప్పితే పాత కడ్డీలు వంగవచ్చు. అందుకే మంచి మెకానిక్కు ముందుగా ఆ కడ్డీలనే తట్టి చూస్తాడు.