విద్యార్థి చెప్పుకున్న మాట ఎవరి బీరువాలో ఉంది?

విద్యాసంస్థలలో కౌన్సెలర్లను నియమించాలని ఎన్నో ఏళ్లుగా విద్యార్థి సంఘాలు, తల్లిదండ్రులు, మాబోటి సామాజిక కార్యకర్తలు అడుగుతూ వచ్చారు. 2025 జూలై 25న సర్వోన్నత న్యాయస్థానం ఆ కోరికకు చట్టబలం ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని తండ్రి వేసిన కేసులో న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతాల ధర్మాసనం 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హుడైన కౌన్సెలర్‌ను, లేదా మనస్తత్వ నిపుణుణ్ణి నియమించాలన్నది వాటిలో ఒకటి. పార్లమెంటు చట్టం చేసేవరకు ఇవే చట్టంగా చెల్లుతాయని కూడా ధర్మాసనం చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణాలకు పాల్పడ్డారు. ఆ సంఖ్య తెలిసినవారెవరూ ఈ తీర్పును తక్కువ చేసి మాట్లాడరు. మేమూ మాట్లాడం.

అయితే పత్రికలన్నీ కౌన్సెలర్ల నియామకం గురించే రాశాయి. అదే తీర్పులో మరొక మాట ఉంది. సంస్థలు తాము చేసిన సహాయాన్ని, పంపిన సిఫారసులను ఏటా నివేదికగా పంపాలనీ, అందుకోసం ఉంచే రికార్డులలో విద్యార్థుల గుర్తింపు తెలియకూడదనీ న్యాయస్థానం సూచించింది. పేరు లేని రికార్డు అన్న ఈ చిన్న మాట మీద ఎంత చర్చ జరగాలో అంత జరగలేదు. మా దృష్టిలో కౌన్సెలర్ కుర్చీ ఎంత ముఖ్యమో, ఆ కుర్చీ వెనుక ఉన్న బీరువా తాళం అంత ముఖ్యం.

ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ల మధ్య బతికిన తరం మాది. ఒక కాగితం చేతికి రాగానే కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మాకు అలవాటు. దీన్ని ఎవరు రాశారు, ఎవరెవరు చూడవచ్చు, ఎవరి కస్టడీలో ఉంటుంది, ఎప్పుడు నాశనం చేస్తారు? మామూలు భూమిశిస్తు కాగితానికి కూడా మా కార్యాలయాలలో గడువు ఉండేది. ఆర్.డిస్. అని రాస్తే శాశ్వతంగా ఉంచాలి, ఎల్.డిస్. అని రాస్తే ఏడాది తరువాత తీసివేయవచ్చు. కాన్ఫిడెన్షియల్ కవరు లక్క సీలుతో వస్తే అటెండరు కూడా దాన్ని విప్పేవాడు కాదు. బ్రిటిషు కాలం నాటి పద్ధతి అని నవ్వేవారు నవ్వవచ్చు. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల ఏడుస్తూ చెప్పుకున్న మాటకు మన విశ్వవిద్యాలయాలలో ఆ పాటి గడువు గానీ, సీలు గానీ ఉన్నదా?

మేము వెళ్లి చూసిన కొన్ని కళాశాలల సంగతి చెబుతాం. న్యాక్ గుర్తింపు కోసం ప్రతి అధ్యాపకుడికీ కొందరు విద్యార్థులను అప్పగించి మెంటార్ రిజిస్టరు రాయిస్తారు. అందులో రోల్ నంబరు, తండ్రి వృత్తి, కులం, మతం, ఫోను నంబరు పక్కనే ‘సమస్య’ అనే గడి ఉంటుంది. ‘ఇంట్లో గొడవలు’, ‘పెళ్లి ఒత్తిడి’, ‘డిప్రెషన్’ అని ఎర్ర సిరాతో రాసి ఉన్న గడులను మేము కళ్లారా చూశాం. ఆ రిజిస్టరు స్టాఫ్ రూము బల్ల మీద ఉంటుంది. పరిశీలక బృందం వచ్చిన రోజున హాలులో వరుసగా పేర్చి ప్రదర్శిస్తారు. ఇంకొన్నిచోట్ల గూగుల్ ఫారం ద్వారా మానసిక ఒత్తిడి ప్రశ్నావళి పంపుతున్నారు. ఆసుపత్రులలో వాడే పీహెచ్‌క్యూ–9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి జవాబు రాసే విద్యార్థి పైన రోల్ నంబరు కూడా రాయాలి! ఆ జవాబులన్నీ చేరేది క్లాస్ టీచరు సొంత ఖాతాలోకి. ఆ టీచరు బదిలీ అయినా, ఉద్యోగం మానినా ఆ జాబితా ఆయన వెంటే వెళుతుంది. ఇక వార్డెన్, కౌన్సెలర్, డిసిప్లిన్ కమిటీ సభ్యులు అందరూ కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపుల గురించి విడిగా చెప్పనక్కరలేదు.

ఇందులో దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. చాలామంది అధ్యాపకులు నిజమైన శ్రద్ధతోనే చేస్తున్నారు. కానీ ఉద్దేశం మంచిదైతే గోప్యత దానంతట అదే వస్తుందనుకోవడం పొరపాటు.

మా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఉదంతం చెప్పక తప్పదు. పేర్లు, ఊరు, కళాశాల చెప్పడం లేదు. తన కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయి. పరీక్షల ముందు నిద్ర పట్టడం లేదని కౌన్సెలర్ దగ్గరకు వెళ్లింది. మాటల మధ్యలో మేనమామ కొడుకుతో నిశ్చయించిన సంబంధం తనకు ఇష్టం లేదని చెప్పింది. ఆ మాట కౌన్సెలర్ నుంచి వార్డెన్‌కు, వార్డెన్ నుంచి ఫోనులో తండ్రికి చేరింది. ‘మీ మంచి కోసమే చెబుతున్నాం’ అన్నారట. వారం తిరగకముందే తండ్రి వచ్చి సామాను సర్దించి తీసుకుపోయాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆటో నడిపి ఆ పిల్లకు ఫీజు కట్టినవాడు. ‘నలుగురికీ తెలిసిపోయింది, ఇజ్జత్ పోయింది’ అన్నదొక్కటే ఆయన బాధ. మేము రెండుసార్లు వెళ్లి మాట్లాడితే ప్రైవేటుగా పరీక్షలు రాయడానికి ఒప్పుకున్నాడు. అమ్మాయి మాత్రం ఒకటే మాట అన్నది: ఇక జీవితంలో ఎవరికీ ఏమీ చెప్పను చాచా అని.

అన్ని మతాల ఇళ్లలోనూ ఇటువంటివి జరుగుతాయి, నిజమే. అయినా దీన్ని మైనారిటీ హక్కుల ప్రశ్నగా మేము ఎందుకు చూస్తున్నామంటే, గోప్యత పోయినప్పుడు పడే దెబ్బ అందరికీ ఒక్కలాగా ఉండదు. చదువుకున్న, స్థోమత ఉన్న ఇంటి పిల్ల రహస్యం బయటపడితే ఇంట్లో మాటలతో పోతుంది. గడప దాటిన మొదటి తరం ముస్లిం ఆడపిల్ల రహస్యం బయటపడితే చదువే పోతుంది. చదువులో మన సముదాయం ఎంత వెనుకబడి ఉందో 2006లో సచార్ కమిటీ నివేదిక అంకెలతో సహా చూపింది. అంత కష్టం మీద విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కిన పిల్ల ఒక ఫోను కాల్‌తో దిగిపోవలసి రావడం మాకు సహించరానిదిగా తోస్తుంది.

మగపిల్లల విషయంలో భయం మరొక రకం. ఎక్కడో జరిగిన మూకదాడి వార్త చూసి కోపం వచ్చిందని, అద్దెకు గది దొరకక అవమానం కలిగిందని ఒక యువకుడు కౌన్సెలర్‌తో చెప్పుకుంటే, ఆ మాట ఏ గడిలో చేరుతుంది? బాధ అని రాస్తారా, అనుమానం అని రాస్తారా? ఇది ఊహాజనితమైన భయమని కొట్టివేయడానికి లేదు. బ్రిటన్‌లో 2015 నాటి ఉగ్రవాద నిరోధక, భద్రతా చట్టం ‘ప్రివెంట్’ బాధ్యతను విశ్వవిద్యాలయాల మీద పెట్టింది. ఉగ్రవాదం వైపు ఆకర్షితులయ్యే ప్రమాదం ఉన్నవారిని గమనించడం సంస్థల విధి అయింది. అక్కడి అధ్యాపకుల సంఘం, జాతీయ విద్యార్థి సంఘం దాన్ని వ్యతిరేకించాయి. గమనించే కన్ను, ఓదార్చే చెయ్యి ఒకే సంస్థవైనప్పుడు ముస్లిం విద్యార్థి నోరు విప్పడం మానుకుంటాడన్నది వారి ఆందోళనలో ప్రధానాంశం. మన రెండు రాష్ట్రాల నుంచి పిల్లలు ఏటా బ్రిటన్‌కు చదువులకు వెళుతున్నారు కాబట్టి ఇది దూరపు ముచ్చట కూడా కాదు.

మరి మన చట్టం ఏమి చెబుతుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. కంప్యూటరులో దాచిన సమాచారానికి కూడా అది వర్తిస్తుందని 24వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. 18వ సెక్షన్ మతం, కులం ఆధారంగా చికిత్సలో వివక్ష కూడదన్నది. బాగుంది. కానీ ఆ చట్టం మాట్లాడేది మానసిక వ్యాధి ఉన్నవారి గురించి, వారికి చికిత్స చేసే ఆరోగ్య వృత్తినిపుణుల గురించి. పరీక్షల భయంతో వచ్చిన విద్యార్థి రోగి కాదు. సాయంత్రం రెండు గంటలు కౌన్సెలర్ పని చూసే అధ్యాపకుడు వైద్యుడూ కాదు. రేపు వివాదం వస్తే ఆ సెక్షన్ మాకు వర్తించదని యాజమాన్యం వాదించే సందు అక్కడ ఉంది.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం విషయానికి వస్తే, దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సంస్థల మీద ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. 2019 నాటి బిల్లులో ఆరోగ్యం, మత విశ్వాసం వంటివాటిని సున్నితమైన సమాచారంగా వేరుచేసి అదనపు రక్షణ ఇచ్చారు. చివరకు చట్టమైన పాఠంలో ఆ విభజన లేదు. కౌన్సెలింగ్ నోట్సుకూ, క్యాంటీన్ ఖాతాకూ తేడా చెరిగిపోయింది. పైగా ఇది డిజిటల్ రూపంలో ఉన్నదానికి, లేదా తరువాత డిజిటల్‌గా మార్చినదానికి మాత్రమే వర్తిస్తుంది. స్టాఫ్ రూము బల్ల మీది ఎర్ర సిరా రిజిస్టరు జోలికి ఈ చట్టం రాదు! గుమాస్తాలమైన మాకు ఇది వింతగానే అనిపిస్తుంది. మన దేశంలో రహస్యాలు పోయేది ఇప్పటికీ ఎక్కువగా కాగితం మీదనే కదా.

అయినా ఈ చట్టంలో మనం పట్టుకోదగిన మంచి అంశాలు ఉన్నాయి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. అవసరం తీరాక సమాచారాన్ని తొలగించాలి. భద్రత కల్పించడంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంటుంది.

చట్టం ఉన్నా సందు దొరికితే సంస్థ తన ప్రయోజనాన్నే చూసుకుంటుందనడానికి అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం ఉదాహరణ. లైంగిక దాడికి గురయ్యానన్న విద్యార్థిని 2015లో విశ్వవిద్యాలయం మీద దావా వేసింది. విశ్వవిద్యాలయం తన కౌన్సెలింగ్ కేంద్రంలోని ఆమె రికార్డులను ఆమె అనుమతి లేకుండా తెప్పించుకుంది. ఆమె ఎవరి మీద కేసు వేసిందో వారి చేతిలోకే ఆమె కన్నీళ్ల రికార్డు వెళ్లింది. ఈ సంగతిని బయటపెట్టింది ఆ కేంద్రం ఉద్యోగులే. చివరకు విశ్వవిద్యాలయం 8 లక్షల డాలర్లకు రాజీపడింది. కోర్టు ఉత్తర్వు గానీ, విద్యార్థి లిఖిత సమ్మతి గానీ లేకుండా ఇటువంటి రికార్డులను వ్యాజ్యాలకు వాడుకోరాదని అమెరికా విద్యాశాఖ 2016 ఆగస్టులో సంస్థలకు లేఖ రాసింది. బీరువా తాళం యాజమాన్యం దగ్గర ఉంటే ఏమవుతుందో ఈ కేసు చెబుతుంది. మన దేశంలో అటువంటి నిబంధన కోసం ఎవరైనా కోర్టుకెక్కేవరకు ఆగవలసిన పని లేదు.

ఇక మనవారి వాదన. ‘పిల్లల సంగతి తల్లిదండ్రులకు చెప్పకపోతే ఎలా?’ అని మసీదు ముందు పెద్దలు మమ్మల్ని అడుగుతారు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో చట్టం సంరక్షకుల పాత్రను గుర్తిస్తుంది. ఇంటర్ కళాశాలలకు, గురుకులాలకు ఇది ముఖ్యం. పద్దెనిమిది దాటినవారు తమ ప్రతినిధి ఎవరో తామే ఎంచుకోవచ్చునని మానసిక ఆరోగ్య చట్టమే చెబుతుంది. దాన్ని పక్కన పెట్టి ధర్మం కోణం నుంచి చూసినా, నమ్మి చెప్పిన మాట అమానత్. దాన్ని చెప్పినవారి సమ్మతి లేకుండా మరొకరికి అందించడం ఖయానత్. ఖుర్ఆన్‌లో హుజురాత్ సూరా 12వ వాక్యం అనుమానాన్ని, ఇతరుల గుట్టు వెతకడాన్ని, వీపు వెనుక చెప్పుకోవడాన్ని ఒకేచోట నిషేధించింది. హాస్టలు వార్డెన్‌కు ఫోను చేసి ‘మా పిల్ల కౌన్సెలర్‌కు ఏం చెప్పింది’ అని ఆరా తీసే పెద్దలు ఆ వాక్యాన్ని మరొకసారి చదవాలని మా మనవి.

గోప్యతకు హద్దు లేదని మేము చెప్పడం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మరొకరికి హాని జరిగేలా ఉన్నప్పుడు కౌన్సెలర్ చెప్పవచ్చు, చెప్పాలి. చట్టం కూడా అనుమతిస్తుంది. అయితే హానిని ఆపడానికి ఎంత అవసరమో అంతే, ఎవరికి అవసరమో వారికే. ఈ మినహాయింపును మొదటి రోజే విద్యార్థికి చెప్పి కూర్చోబెట్టాలి. కళాశాల తలుపు తట్టడానికి జంకే పిల్లలకు 14416 నంబరులో టెలి–మానస్ ఉచిత సేవ ఉందని ఇంటింటా చెప్పడం మన పని.

మైనారిటీ యాజమాన్యంలోని కళాశాలలు, రెండు రాష్ట్రాల ఉర్దూ విశ్వవిద్యాలయాలు, తెలంగాణలోని 204 మైనారిటీ గురుకులాలు ఈ విషయంలో ముందు నడిస్తే ఇతరులను అడిగే హక్కు మనకు వస్తుంది. ఖర్చేమీ లేదు. మెంటార్ రిజిస్టరులోని ‘సమస్య’ గడి కొట్టివేయాలి. కౌన్సెలింగ్ ఫారంలో మతం, కులం, ఆధార్ అడగడం మానాలి. బీరువా తాళం కౌన్సెలర్ దగ్గర మాత్రమే ఉండాలి.

మిగిలినవారి సంగతి తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. ఏ విద్యార్థి వివరాలూ అడగవద్దు. మీ జిల్లాలోని విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ఇవి మాత్రమే అడగండి: కౌన్సెలర్లు ఎంతమంది, వారి అర్హత ఏమిటి, కౌన్సెలింగ్ రికార్డులు ఎవరి కస్టడీలో ఉన్నాయి, వాటిని చూసే అధికారం ఏ ఏ హోదాలకు ఉంది, ఎన్నేళ్లు ఉంచుతారు, బయటి యాప్ కంపెనీతో ఒప్పందం ఉంటే దాని ప్రతి. గడువు ముప్పై రోజులు. వచ్చిన జవాబుల నకళ్లు ఈ పత్రిక కార్యాలయానికి పంపితే, జిల్లాలవారీగా పట్టిక వేసే పని మేము చేస్తాం.